సగం కప్పు ఒప్పందం

ఆ ఉదయం కొత్త మేనేజరు పెద్ద పనేమీ పెట్టుకోలేదు. కార్మికుల టీని సగానికి తగ్గించి, ఎండ ముదరకముందే తన గదిలో ఫ్యాను కిందికి చేరుకోవాలి. అంతే ఆయన ప్లాను.

అది పింగాణీ ఫ్యాక్టరీ. కప్పులు, జాడీలు, పూలకుండీలు చేస్తారు. మేనేజరుకు టీ మీద కోపం లేదు. టీ తాగుతూ కూర్చునేవాళ్ల మీద కోపం. కూర్చున్న మనిషి ఊరుకోడు, మాట్లాడతాడు. మాట్లాడిన మనిషికి బట్టీ గదిలో కిటికీ లేదన్న సంగతి గుర్తొస్తుంది. గుర్తొచ్చాక అడుగుతాడు. కప్పు పెద్దదైన కొద్దీ కూర్చోవడం ఎక్కువ, కూర్చున్న కొద్దీ కోరికలు ఎక్కువ. అంచేత జబ్బంతా కప్పులోనే ఉందని ఆయన కనిపెట్టాడు. టీ పూర్తిగా ఎత్తేస్తే పోదా అంటే, అంతకుముందు మేనేజరు ఆ పనే చేసి సమ్మె తెచ్చుకున్నాడు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

యూనియన్ కార్యదర్శిని పిలిపించాడు. ఆయన్ని అందరూ ఉరుము అంటారు. గొంతు అలాంటిది. బట్టీ దగ్గర గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్ జవాబిస్తాడు.

"వచ్చే బట్టీలో కొత్త కప్పులు కాలుస్తున్నాం. టీ కప్పు సైజు సగం చేస్తున్నాం," అన్నాడు మేనేజరు.

"కుదరదు."

"ఎందుకు కుదరదు? మీవాళ్లు సగం తాగి సగం పారబోస్తున్నారు."

"ఎవడు పారబోశాడో చూపించండి సార్. మావాడు టీ చల్లార్చుకుని తాగుతాడు గానీ పారబొయ్యడు."

ఇంతలో ఫోను మోగింది. ఫ్యాక్టరీ యజమానురాలు. మేనేజరు కుర్చీలోంచి సగం లేచి మాట్లాడాడు. "అవునమ్మా, ఆ హోటలువాళ్ల కుండీలే. ఒప్పేసుకున్నానమ్మా, గడువు కూడా ఇచ్చేశా. మన మామూలు కుండీకి రెట్టింపు సైజు. మట్టా? సైజు రెట్టింపు, మట్టి రెట్టింపు. ఇందులో లెక్కేముందమ్మా, చంటిపిల్లాడికి కూడా తెలుసు." ఫోను పెట్టేసి మళ్లీ పెద్దమనిషి అయ్యాడు.

ఈలోగా ఉరుముకు ఒక ఆలోచన తట్టింది. ఇలాంటి ఆలోచనలు తట్టినప్పుడు ఆయన ముఖంలో ఒక వెలుగు వస్తుంది. అది చూసి భార్య భయపడుతుంది.

"సరే సార్. సగం కప్పే కానివ్వండి. కానీ రెండుసార్లు పొయ్యాలి."

మేనేజరు ఆలోచించాడు. రెండోసారి లైన్లో ఎవడు నిలబడతాడు? బద్ధకం తనవైపే ఉంది. "ఒప్పుకున్నా," అన్నాడు. చేతులు కలిపారు. సగం రెండుసార్లు పోస్తే పాత టీ పాత టీయే, పైగా కాళ్లు సాగదీసుకోవడానికి రెండో నడక లాభం అనుకుంటూ ఉరుము బయటికొచ్చాడు. ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించానన్న ఆనందం ఇద్దరికీ సమానంగా దక్కిన ఒప్పందం ఆ ఫ్యాక్టరీలో అదొక్కటే.

తరువాత మేనేజరు అచ్చుల మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి పని ఎంత నికార్సో నోరు అంత గర్వం. ఆయన దగ్గర ఒక ఇనప స్కేలు ఉంటుంది. దాన్ని భార్యను కూడా ముట్టుకోనివ్వడు.

"ఇదే కప్పు, ఇదే రూపం. సైజు సగం," అన్నాడు మేనేజరు.

"ఏ కొలత సగం సార్? ఎత్తా, మూతి వెడల్పా?"

"అన్నీ అయ్యా! సగం అంటే అన్నీ సగం. ఒక్క ఎత్తు తగ్గిస్తే అది కప్పెలా అవుతుంది, పళ్లెం అవుతుంది."

మేస్త్రి స్కేలు తీశాడు.

కొత్త కప్పులు బట్టీలోంచి వచ్చిన రోజు కాంటీన్ ముందు పెద్ద లైను. కాంటీన్ నడిపేది ఉరుముకు వదిన, ఆయన భార్యకు స్వయానా అక్క. భర్త ఈ ఫ్యాక్టరీ బట్టీ దగ్గరే పనిచేసి పోతే, ఈ టీ బాయిలర్ మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఫ్యాక్టరీ మొత్తానికి ఆమె అక్క. ఎవరు ఎంత చక్కెర వేసుకుంటారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆమెకు తెలుసు.

లైన్లో ముందున్నది బట్టీ తాత. కప్పు చేతికిచ్చారు. అరచేతిలో పెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేంటమ్మా? కంట్లో మందేసుకునే గిన్నా?"

"కప్పే తాతా. పట్టుకో, పోస్తా."

"ఎలా పట్టుకోను? పిడిలో నా చిటికెన వేలు కూడా దూరట్లేదు." రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకున్నాడు. "ఊఁ, పొయ్యి."

"పోశా."

"ఏదీ?"

"తాగేశావు."

లైనంతా గొల్లుమంది. ప్యాకింగ్ విభాగం ఆడవాళ్లు కప్పుల్ని వేళ్లకు టోపీల్లా తొడుక్కుని ఉరుము ముఖం ముందు ఆడించారు. "అన్నా, మా పాప బొమ్మకి ఇది అచ్చంగా సరిపోతుంది, ఇంటికి పట్టుకెళ్లనా?" అంది ఒకామె. "రెండుసార్లు పోస్తారన్నావుగా, అది మూతి కడుక్కోవడానికా?" అని ఇంకొకామె.

మేనేజరు బాయిలర్ కుళాయి పక్కనే నిలబడి ఉన్నాడు. కప్పు చూసి ఆయనకూ గతుక్కుమంది. కానీ గతుక్కుమన్నట్టు కనబడటం మేనేజర్లకు చేతకాదు. "రెండుసార్లే. మూడోది లేదు. ఒప్పందం ఒప్పందమే," అన్నాడు ఇదంతా తాను ముందే అనుకున్నట్టు.

ఉరుము మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. "సగం చెయ్యమంటే ఇదేం చేశావురా?"

"చెయ్యి తియ్యి ముందు. ఇదిగో పాత కప్పు. నాలుగు వేళ్ల ఎత్తు. ఇది రెండు వేళ్లు. మూతి చూడు, సగం. అడుగు చూడు, సగం. గోడ మందం కూడా సగం. గీతంత తేడా చూపించు, నా స్కేలు విరిచేస్తా."

ఉరుము తిప్పి తిప్పి చూశాడు. తప్పు కనబడలేదు. అన్నీ సగమే. కానీ రెండుసార్లు తాగినా నాలుక తడవలేదు. ఎక్కడా తప్పు లేకుండా అన్యాయం జరిగిందంటే అది కుట్రే అని ఆయన ఇరవయ్యేళ్ల ఉద్యమ జీవితం నేర్పింది. ఎవరి కుట్రో తేలకపోయినా కుట్ర అన్నది ఖాయం చేసుకున్నాడు.

అసలు దెబ్బ అటు తగల్లేదు. వదిన రోజూ కాచినంతే కాచింది. అందరూ రెండేసిసార్లు పోయించుకున్నాక మేనేజరు బాయిలర్ మూత తీసి చూశాడు. ముప్పాతిక వంతు టీ అలాగే ఉంది. ఆయన కళ్లు మెరిశాయి.

"చూశారా? పోస్తామన్నా తాగేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ వీళ్లకి కావలసింది టీ కాదు, కూర్చోవడం. ఈ కాంటీన్ దండగ. మూసేసి గోడకి ఒక మెషీన్ పెట్టిస్తా. నొక్కితే పోస్తుంది, మాట్లాడదు."

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఉరుము ఇంట్లో సభ జరిగింది. అధ్యక్షత భార్య వహించింది.

"మరిదీ, నాకు తెలియక అడుగుతా," అంది వదిన. "టీ తగ్గిస్తానని వాడన్నాడు. సరేనని నువ్వన్నావు. ఉద్యోగం మాత్రం నాదెలా పోతోంది?"

"పోదు వదినా. నేనుండగా పోనిస్తానా?"

"నువ్వుండబట్టే ఇక్కడిదాకా వచ్చింది," అంది భార్య. "మా అక్క బాయిలర్ ఆరిపోయిన రోజున ఈ ఇంట్లో నీ పొయ్యీ ఆరిపోయినట్టే. యూనియన్ ఆఫీసులో వండుకో. పిల్లలతో సహా అక్క ఈ గదిలోకి వస్తుంది. నీ పుస్తకాలు, నీ జెండాలు మేడమెట్ల కింద."

ఉరుము ముఖంలో మళ్లీ ఆ వెలుగొచ్చింది. భార్య తల పట్టుకుంది.

"రెట్టింపు అడుగుతా," అన్నాడు. "పాత కప్పుకి రెట్టింపు! ఒకేసారి పొయ్యాలి. చుక్క మిగలదు. తాగేవాళ్లు లేరన్న నోరు మూతపడుతుంది."

"పాత కప్పు పాతలా ఇచ్చెయ్యమంటే చాలదా?" అంది వదిన.

"చాలదు! పాతది అడిగితే ఓడిపోయినట్టు. యూనియన్ ముందుకే అడుగుతుంది వదినా, వెనక్కి అడగదు. ఒక్కటి చెప్పు. నీ బాయిలర్ రెట్టింపు కాచగలదా?"

"రోజూ సగానికే నింపుతా. నిండా కాస్తే సరిగ్గా రెట్టింపు."

"ఇంకేం!"

రెట్టింపు కప్పు, రెట్టింపు టీ. ఇంత చక్కటి లెక్క ఉరుము జీవితంలో ఎప్పుడూ కుదరలేదు.

మర్నాడు మేనేజరు వింటూ వింటూనే మెత్తబడ్డాడు. అంత టీ ఒక్క బాయిలర్‌లో కాగదని ఆయన ధీమా. "ఇస్తాను. కానీ నాదొక షరతు. ఒక్క బాయిలర్. మళ్లీ కాచేది లేదు. అందరికీ అందాలి. అందితే కాంటీన్ ఉంటుంది, మళ్లీ దాని జోలికి రాను. ఒక్కడికి అందకపోయినా ఆ రోజే మూత. అమ్మగారి ముందే తేలుద్దాం. కుండీల పని చూడ్డానికి వస్తున్నారు."

"అందరికీ అందుతుంది!" అని ఉరుము బల్ల గుద్దాడు. మేస్త్రికి కబురెళ్లింది. రూపం అదే, కొలతలన్నీ రెట్టింపు. మేస్త్రి ఈసారి ప్రశ్న కూడా వెయ్యలేదు. ముందే ఒకసారి తన చొక్కా పట్టుకున్నారు, ఇంక గీత దాటడు.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే కుండీల మట్టి లారీల్లో దిగింది. వాకిట్లో గుట్ట పోశారు. మేనేజరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మామూలుకి రెట్టింపు ఉందని తృప్తిపడ్డాడు. కాంటీన్లో వదిన బాయిలర్ అంచుదాకా నింపింది. పాలు పొంగకుండా పక్కనే నిలబడి కాపలా కాసింది. ఆమె జీవితం ఆ రోజు ఆ కుళాయికి వేలాడుతోంది.

అప్పుడు తోపుడు బండి మీద కప్పులొచ్చాయి. బండి కిర్రుకిర్రుమంది. ఒక్కొక్క కప్పూ ఎనిమిది వేళ్ల ఎత్తు. గోడ మందం కూడా రెట్టింపు. పిడిలో చెయ్యి మణికట్టుదాకా దూరుతుంది. ఖాళీ కప్పు ఎత్తడానికే రెండు చేతులు కావాలి.

"మరిదీ, ఇవి కప్పులా బిందెలా?"

"రెట్టింపు అంటే పెద్దదే కదా వదినా. కంటికలా కనబడుతుంది. మేస్త్రీ, కొలిచావా?"

"కొలవడమా? నువ్వే కొలుచుకో," అని మేస్త్రి స్కేలు జీవితంలో మొదటిసారి పరాయివాడి చేతికిచ్చాడు. ఉరుము కొలిచాడు. సరిగ్గా రెట్టింపు. మనసు కుదుటపడింది.

అమ్మగారు చేతికర్రతో నెమ్మదిగా వచ్చి బెంచీ మీద కూర్చుంది. మేనేజరు ఆవిడ వెనక వినయంగా నిలబడ్డాడు. గంట కొట్టారు. బట్టీ తాత కప్పును చంటిపిల్లాడిలా ఒడిలో పట్టుకుని ముందుకొచ్చాడు. వదిన కుళాయి తిప్పింది. టీ పడుతోంది. పడుతూనే ఉంది. తాత లైనువైపు తిరిగి ఒకరి తరవాత ఒకరిని పలకరించడం మొదలుపెట్టాడు. కప్పు ఇంకా నిండలేదు.

"చాలమ్మా," అన్నాడు తాత చివరికి.

"చాలదు తాతా. నిండా పొయ్యాలి, ఒప్పందం," అన్నాడు వెనకనుంచి ఉరుము.

బట్టీ విభాగం వాళ్లకి పోయడం అయింది. తరవాత పాలిషు గదివాళ్లలో మొదటివాడి కప్పు సగం నిండేసరికి కుళాయి గరగరమంది. ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడాలా వద్దా అని ఆలోచించి మానేసింది. వదిన బాయిలర్ను వంచింది, మూత తీసి లోపలికి తొంగిచూసింది. అడుగున తన ముఖమే కనబడింది. నాలుగోవంతు జనానికి అందింది. ముప్పాతిక జనం ఖాళీ బిందెలు, కాదు, ఖాళీ కప్పులు పట్టుకుని నిలబడ్డారు.

అందినవాళ్ల పరిస్థితీ బాగాలేదు. యూనియన్ పరువు కోసం చుక్క మిగల్చకూడదని ఉరుము ముందే హెచ్చరించాడు. తాగినవాళ్లు తాగినట్టే పొట్టలు పట్టుకుని వాకిలి చివర మరుగుదొడ్ల వైపు నడిచారు. ఆ నడక కాసేపటికి పరుగైంది. ఉన్నవి రెండు. బట్టీ తలుపు తియ్యాల్సిన వేళకి బట్టీ విభాగం మొత్తం అక్కడ లైను కట్టింది.

"చూశారా అమ్మా?" అన్నాడు మేనేజరు. గొంతులో విచారం, ముఖంలో పండగ. "రెట్టింపు కప్పుకి రెట్టింపు టీ కాచానంది. మరి నాలుగోవంతుకే అయిపోయింది. మొన్న ముప్పాతిక మిగిలింది, ఇవాళ ముప్పాతిక తగ్గింది. టీ ఎటు పోతోందమ్మా ఇక్కడ? పాలు ఎవరింటికి పోతున్నాయి?"

ఉరుము నోరు తెరిచాడు. మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

"ఏమన్నారు?" అంది వదిన. గరిటె కింద పెట్టి ముందుకొచ్చింది. "దొంగనా నేను? మా ఆయన మీ బట్టీ దగ్గర ఊపిరితిత్తులు కాల్చుకున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క చెంచా చక్కెర ఇంటికి తీసుకెళ్లలేదు. ఉద్యోగం పోతే పోనివ్వండి. దొంగపేరుతో మాత్రం పోను. అందరి ముందూ తేలాలి. ఒక పాత కప్పు ఇలా ఇవ్వండి!"

నీళ్ల డ్రమ్ము దగ్గరికి నడిచింది. పెద్ద కప్పును దబ్బున బల్ల మీద పెట్టింది. "టీ నేను తాగలేదని చూపిస్తా. ఇందులో పాత కప్పులు ఎన్ని పడతాయో చూడండి."

"రెండు," అన్నాడు మేనేజరు.

"రెండు," అన్నాడు ఉరుము. ఇద్దరూ ఏకీభవించిన మూడో విషయం ఇది.

ఒకటి పోసింది. రెండు పోసింది. నీళ్లు అడుగున ఎక్కడో ఉన్నాయి. మూడు. లైన్లోవాళ్లు బల్ల చుట్టూ మూగారు. నాలుగు. "పొయ్యక్కా!" అని ఎవరో అరిచారు. ఐదు, ఆరు. జనం గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. ఏడు. ఎనిమిదోదానికి కప్పు అంచుదాకా నిండి ఊరుకుంది.

అంతటితో ఆమె ఆగలేదు. కంట్లో మందు గిన్నెలాంటి సగం కప్పు తెప్పించింది. దానితో పాత కప్పు నింపింది. మళ్లీ ఎనిమిదే.

"ఎనిమిది చేశావటయ్యా!" మేనేజరు మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. "నేను రెట్టింపు చెయ్యమన్నా!"

"రెట్టింపే చేశాను! అన్నీ రెట్టింపన్నారు. ఎత్తు రెట్టింపు చేశా..."

"ఒకటి," అంది అమ్మగారు. ఆవిడ ఏదో వేళ్ల మీద లెక్కపెడుతోంది.

"ఈ పక్కనుంచి ఆ పక్కకి వెడల్పు రెట్టింపు చేశా."

"రెండు."

"ముందునుంచి వెనక్కి వెడల్పు రెట్టింపు చేశా. తప్పెక్కడుందో చూపించమనండి!"

"మూడు. ఒక రెట్టింపు అడిగితే మూడు రెట్టింపులు చేశావు నాయనా. రెండు, నాలుగు, ఎనిమిది. సగం అన్నప్పుడూ అంతే, సగంలో సగంలో సగం." ఆవిడ ముసిముసిగా నవ్వింది. "అడిగినవాళ్లిద్దరికీ తాము ఏం అడిగారో తెలియదు. పాపం ఈ పిల్ల మీద పడ్డారు."

అలా నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. మట్టి గుట్ట కనబడింది. నవ్వు ఆగిపోయింది.

"ఏం బాబూ. ఆ హోటలు కుండీలు కూడా పాత రూపమేనా?"

"మామూలు కుండీ రూపమేనమ్మా," అన్నాడు మేనేజరు.

"కొలతలు?"

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"కొలతలు బాబూ?"

"అన్నీ... రెట్టింపమ్మా."

"మందం?"

"అదీనమ్మా."

"మట్టి?"

మేనేజరు పెద్ద కప్పు వైపు చూశాడు. పాత కప్పు వైపు చూశాడు. వాకిట్లో గుట్ట ఇందాక చాలా పెద్దదిగా ఉండేది. ఇప్పుడు ఎవరో పిడికెడు మన్ను జారవిడిచినట్టుంది. పావు వంతు కుండీలకి కూడా బొటాబొటీ. బట్టీలో మామూలుగా ఎనిమిది కుండీలు పట్టేచోట ఒకటి పడుతుంది. అప్పజెప్పాల్సిన గడువు ఆయనే ఇచ్చాడు, ఫోన్లో, ధీమాగా.

"చంటిపిల్లాడికి కూడా తెలుసన్నావు," అంది అమ్మగారు. "ఆ పిల్లాడెవరో తీసుకురా. వాడికే అప్పజెబుతాను ఫ్యాక్టరీ."

మాట నిలబడాలంటే బట్టీ ఆరకూడదు. అదనపు షిఫ్టులు నడవాలి. అదనపు షిఫ్టులు నడవాలంటే మనుషులు ఒప్పుకోవాలి. మేనేజరు మెల్లగా, కుర్చీ వెతుక్కునేవాడిలా, ఉరుము వైపు తిరిగాడు.

"మీవాళ్లని కాస్త ఒప్పించాలి."

ఉరుము గొంతు తిరిగొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా విన్నాడు. "మా షరతులు మూడు! కాంటీన్ జోలికి ఎవరూ రాకూడదు, ఈమెకి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. బట్టీ గదికి కిటికీ పెట్టాలి. మూడోది, షిఫ్టు షిఫ్టుకీ టీ ఇవ్వాలి, అదీ రెట్టిం..."

"మరిదీ!" అంది వదిన.

ఉరుము ఆగాడు. లైను వైపు చూశాడు. మరుగుదొడ్ల దగ్గర లైను వైపు కూడా చూశాడు.

"...పాత కప్పుతో," అన్నాడు.

"సరే," అంది అమ్మగారు. "కిటికీ మాత్రం ముందే కొలతలు నాకు చూపించి పెట్టండి." తరవాత వదిన వైపు తిరిగింది. "బాయిలర్ నీదే తల్లీ. నువ్వున్నంతకాలం. ఇప్పుడు నాకో కప్పు టీ పెట్టు. పాతదాన్లోనే."

మేనేజరు క్షమాపణ చెప్పాడు. వినబడలేదని వెనకనుంచి బట్టీ తాత అంటే మళ్లీ చెప్పాడు. తాత అప్పుడే మరుగుదొడ్డి దగ్గర్నుంచి వచ్చాడు, మొదటిది నిజంగానే వినలేదు.

ఉరుము ఆ సాయంత్రం ఇంటికి విజేతగా వెళ్లాడు. ఘోర పోరాటం చేసి, మొదటినుంచీ ఉన్న కప్పునే యూనియన్ సాధించిందని ఉపన్యాసం ఇచ్చాడు. భార్య పొయ్యి వెలిగించింది, జెండాలు గదిలోనే ఉన్నాయి. పెద్ద కప్పుల్లో ప్యాకింగ్ ఆడవాళ్లు మొక్కలు నాటారు, కాంటీన్ ముందు వరసగా పెట్టారు. చిన్న కప్పులు మాత్రం ఎవరికీ దేనికీ పనికిరాలేదు. అమ్మగారి ఆర్డరు ప్రకారం, కుండీలన్నీ అప్పజెప్పేదాకా మేనేజరు గదికి టీ వాటిలోనే వెళుతుంది.

మొన్నొకసారి టీ మరీ వేడిగా ఉందని ఆయన ఊదాడు. ఊదడం అయ్యేసరికి తాగడానికేమీ మిగల్లేదు.